నోటితో చెప్పిన ధర

మా ఇంట్లో పెద్ద ధరలు నోటితో చెప్పుకునే అలవాటు లేదు. టమాటాల ధర, బస్సు చార్జీ చెప్పుకుంటాం, అది వేరు. ఎడ్ల జత ఎంతకు తెగింది, ఇంటి రేకులకు ఎంత పెట్టాం, నా చెవి కమ్మలకు ఎంతయింది, ఇలాంటివి మా బాపు నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఎవరైనా "ఎంతకు తెచ్చినవు మామా?" అని ఆరా తీస్తే, "ఏదో తెచ్చిన తియ్యి" అంటూ తువ్వాలను ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకునేవాడు. అంతటితో ఆ మాట అయిపోయేది.

బాపు పశువుల అంగడిలో దళారి. మాది మర్రిగూడ దిక్కు ఊరు. పత్తి, కంది వేస్తాం. వాన పడితే పంట, లేకపోతే లేదు. మాకున్న రెండెకరాలను నమ్ముకుంటే గంజి కూడా దొరకదని బాపు పెళ్ళికి ముందే అంగడి పట్టాడు. ప్రతి గురువారం పొద్దున్నే మొదటి బస్సుకు పోయి, అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడి, ధర కుదిర్చి బేరం తెంపడం ఆయన పని.

ఆ బేరం జరిగేది తువ్వాల కింద. కొనేవాడి చెయ్యి అందుకుని పైన తువ్వాల కప్పుతారు. లోపల వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. "ఇవి పెద్దయి" అని ముందు కొన్ని వేళ్ళు పట్టుకుంటారు, అవి పదివేలు. "ఇవి చిన్నయి" అని తర్వాత కొన్ని పట్టుకుంటారు, అవి వేలు. మూడు పెద్దవి, నాలుగు చిన్నవి పడితే ముప్పై నాలుగు వేలన్నమాట. చుట్టూ యాభై మంది నోళ్ళు తెరుచుకుని చూస్తున్నా ఎవరికీ అంకె తెలియదు. నేను ఇంటర్ చదివేటప్పుడు బాపు నాకు ఈ లెక్కను ఇంట్లో మంచం మీద కూర్చోబెట్టి నేర్పాడు. రెండు కట్టుబాట్లు కూడా చెప్పాడు. మొదటిది, నోటితో చెప్పిన ధర అంగడిలో చెల్లదు. నోరు ఎంతన్నా వాగనీ, వేళ్ళు చెప్పిందే మాట. రెండోది, అమ్మేవాడు తను కొన్న ధరను ఎవరికీ చెప్పకూడదు.

"ఎందుకు చెప్పొద్దు బాపూ?"

"చెప్తే ఇంకేమున్నది బిడ్డా! వాడు నీ ఎద్దును చూసుడు బంద్ చేసి, నువ్వు కొన్న ధరను చూస్తడు."

ఈ మాట అప్పుడు నా చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. అది ఎక్కడానికి నాకు ఏడేళ్ళు పట్టింది.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తి చేసి, నల్లగొండలో ఒక చిన్న రక్తపరీక్షల సెంటర్‌లో చేరాను. ఆరు వేల జీతం. రక్తం తీసేదాన్ని, మిషన్ నడిపేదాన్ని, రిపోర్టు టైపు చేసేదాన్ని, ఆదివారం గచ్చు కూడా నేనే తుడిచేదాన్ని. ఓనరు చేరిన రోజే ఒక మాట అన్నాడు, "నీ జీతం ఎవ్వరికి చెప్పకమ్మా, కొట్లాటలైతయి." మా ఇంటి పద్ధతే కదా అనుకుని బుద్ధిగా తలూపాను. చెప్పకపోవడం వల్ల ఎవరికి లాభమో ఆలోచించే తెలివి ఉంటే ఆ రోజే ఆలోచించేదాన్ని. నాలుగేళ్ళలో ఆ ఆరు వేలు తొమ్మిదిన్నర వేలయ్యాయి.

తర్వాత మహబూబ్‌నగర్‌లో ఒక పెద్ద దవాఖానకు దరఖాస్తు పెట్టాను. ఫారంలో ఒక గడి ఉంది, ఇప్పటి జీతం అని. నేను బడి పిల్లలా ముత్యాల్లాంటి అక్షరాలతో 9,500 అని రాశాను. వాళ్ళు దాన్ని చూశారు, నన్ను చూశారు, పదకొండు వేలు ఇస్తామన్నారు. ఒక్కసారే పదిహేను వందలు పెరిగిందని నేను ఎగిరి గంతేశాను. ఇంటికి కిలో కలాకండ్ తీసుకుపోయాను. బాపు ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇప్పటిది ఎంతో వాళ్ళకు చెప్పినవా?" అని అడిగాడు. చెప్పానన్నాను. ఆయన ఇంకో ముక్క తీసుకోలేదు.

కొత్త దవాఖానలో చేరిన ఆరు నెలలకు హైదరాబాద్ నుంచి ఒకతను మా ల్యాబ్‌కే వచ్చాడు. నాకంటే రెండేళ్ళు తక్కువ అనుభవం. మిషన్ క్యాలిబ్రేషన్ అతనికి నేనే నేర్పాను. మంచివాడు, పాపం, కడుపులో ఏదీ దాచుకోడు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ, "అక్కా, పదిహేడు వేలల్ల ఏం మిగుల్తయి చెప్పు?" అని నిట్టూర్చాడు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "పదిహేడా?" అన్నాను.

"ఆ. నేను ఇరవై అడిగిన. తగ్గిచ్చిండ్రు."

"ఇప్పటి జీతం రాసినవా ఫారంల?"

"రాయలే. గీత పెట్టిన. నువ్వు రాసినవా ఏంది?"

నేను ముద్దను తిరిగి గిన్నెలో పెట్టాను. మా ల్యాబ్ సీనియర్, మేమంతా ఆపా అని పిలిచే ఆమె, నా గిన్నెలోకి ఒక చెంచా పుల్లటి ఖట్టా పప్పు వేసి, "రాసింది. రాయకపోతే గా మొఖం గట్లెందుకైతది?" అంది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. అతని మీద కోపం కాదు. నా మీద, నా ముత్యాల్లాంటి అక్షరాల మీద. ఒకే బల్ల, ఒకే మైక్రోస్కోపు, ఒకే రక్తం, నడుమ ఆరు వేల తేడా. ఆ తేడాకు కారణం నేను చేతులారా నింపిన ఒక గడి.

ఆదివారం ఇంటికి పోయి బాపు మీద విరుచుకుపడ్డాను. ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా.

"చెప్పిన కద బిడ్డా, కొన్న ధర చెప్పొద్దని," అన్నాడు నెమ్మదిగా. "వాడు దాని మీద జరంత ఏసి తోలుకపోయిండు."

"తోలుకపోవుడేంది? నేనేమన్న ఎద్దునా?"

"ఎద్దువైతే ఫికర్ లేకుండె. ఎద్దుకు నోరు లేదు, నీకున్నది. ఉండి కూడ చెప్పొద్దన్నకాడ చెప్పినవు."

అమ్మ పొయ్యి దగ్గరనుంచి, "అడిగినదానికి చెప్పకపోతే అబద్ధమాడినట్టు కాదా?" అంది. అమ్మకు దేవుడి భయం ఎక్కువ.

"అబద్ధం వేరు, చెప్పకపోవుడు వేరు," అన్నాడు బాపు. "తొమ్మిదిని పన్నెండని చెప్తే అబద్ధం. గది చెప్పొద్దు. చెప్తే వాడు పండ్లు చూస్తడు, ఇజ్జత్ పోతది." అంగడిలో ఎద్దు వయసును పండ్లు చూసి తెలుసుకుంటారు. అమ్మేవాడు నాలుగేళ్ళదని ప్రమాణం చేసినా, దాని నోరు తెరిస్తే నిజం బయటపడుతుంది. మా ఉద్యోగాల్లో మూడు నెలల జీతం చీటీలు అడుగుతారే, అవే ఆ పండ్లు.

ఆ ఏడాదే బాపుకు అంగడిలో దెబ్బ తగిలింది. ఫ్లోరైడ్ నిండిన మా ఊరి బోరు నీళ్ళు యాభై ఏళ్ళు తాగిన కీళ్ళు ఆయనవి. ఇప్పుడు నల్లా నీళ్ళు వస్తున్నాయి కానీ అప్పటికే నడుం బిగుసుకుంది, వేళ్ళు మడతపడడం మానేశాయి. ఒక జత దగ్గర కొనేవాడు వేళ్ళతో నలభై వేలు చెప్పాడు. అమ్మేవాడి చేతిలో నాలుగు వేళ్ళు పట్టాలి. చిటికెన వేలును వదిలి పట్టడం బాపు చేతికి సాధ్యం కాలేదు. ఐదూ పట్టేశాడు. అమ్మేవాడికి యాభై అని అందింది. బేరం తెగిందని ఇద్దరూ సంతోషపడ్డారు. పైసల దగ్గరికి వచ్చేసరికి ఒకరి అంగీ గల్లా ఒకరు పట్టుకున్నారు. ముప్పై ఏళ్ళలో ఒక్క మాట పడని మనిషి ఆ రోజు పదిమందిలో తలవంచుకుని, చేతి నుంచి కొంత పెట్టుకుని సర్దిచెప్పాడు. ఆ తర్వాత తువ్వాల బేరానికి ఆయన్ను పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. అయినా గురువారం వస్తే బస్సెక్కడం మాత్రం మానలేదు.

నాకు ఏడుపొచ్చింది. "ఇగ చాలు బాపూ, అంగడి బంద్ చెయ్. ఎండల నిలవడి ఏం సంపాయిస్తున్నవ్?" అని పోరుపెట్టాను. నాలుగు వారాలు విన్నాడు. ఐదో వారం తువ్వాల తీసి నా చేతి మీద కప్పి, "ఇవి పెద్దయి" అని నా వేళ్ళు రెండు పట్టుకున్నాడు.

"నీ జీతం గింతయిననాడు బంద్ చేస్త."

"ఒట్టు?"

"అంగడి మాట. వేళ్ళతోని చెప్పిన."

ఇరవై వేలు. నాకప్పుడు పదకొండు. ఆ మనిషి ఎంత గడుసువాడో అప్పుడు నాకు తట్టలేదు.

ఆ రోజునుంచి నాకు ఆ అంకె ఒక పిచ్చి అయింది. మూడేళ్ళు గడిచాయి, జీతం పదమూడున్నర దగ్గర గుట్ట ఎక్కలేని బండిలా ఆగింది. ప్రతి గురువారం పనిలో ఉన్నా ఎండ వంక చూసేదాన్ని. ఈపాటికి బాపు అక్కడ నడుం పట్టుకుని నిలబడి ఉంటాడని మనసు పీకేది. అలాంటప్పుడు నల్లగొండలో కొత్తగా కట్టిన దవాఖానలో ల్యాబ్ ఇన్‌చార్జి కావాలని ఆపా చెప్పింది. "పో. ఈసారి గా గడి నింపినవనుకో, నీ చెయ్యి ఇరగ్గొడత," అని దీవించింది.

నింపలేదు. ఫారంలో అన్నీ రాసి ఆ ఒక్క గడినీ తెల్లగా వదిలేశాను. గదిలో పెద్ద డాక్టరు, పక్కన మేనేజరు, గోడవారన కుర్చీల్లో నా తర్వాత పిలవాల్సిన ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు. మేనేజరు ఫారం మీద వేలు పెట్టి, "ఇప్పటి జీతం రాయలేదు కదమ్మా," అన్నాడు.

"ఖాళీగనే ఉండనియ్యండి సార్."

"గట్లెట్ల? అందరు రాస్తరు."

"అందరు రాస్తరు సార్. అందుకే అందరికి పదిహేను వందలే పెరుగుతది."

అనాలని అనుకోలేదు, నా నోటిదురుసు అలాంటిది. వెనక అమ్మాయిల్లో ఒకరు కిసుక్కున నవ్వారు. డాక్టరు ఫోను పక్కన పెట్టి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "నువ్వు చెప్పకపోతే నీకెంత ఇయ్యాల్నో మాకెట్ల తెలుస్తది?" అన్నాడు. గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగాడు.

నేనూ నిజంగానే చెప్పాను. "సార్, ఈ పనికి ఎంత పెట్టుకున్నరో మీకు ఎర్కనే. నా పని ఏందో నన్ను అడుగుండ్రి, మిషన్ ముంగట నిలవెట్టి చూడుండ్రి. అక్కడ వాళ్ళు నాకు తక్కువిస్తే, గది వాళ్ళ పీనాసితనం. దాన్ని మీరెందుకు మోస్తరు?"

ఆయన పది నిమిషాలు పని గురించే అడిగాడు. ప్లేట్‌లెట్లు తక్కువ చూపిస్తే ఏం చేస్తావు, పసిపిల్లలకు నరం దొరకకపోతే ఏం చేస్తావు, అని. అన్నిటికీ చెప్పాను. ఆఖరికి కుర్చీలో వెనక్కి వాలి, "సరే, ఎంత గావాలె?" అన్నాడు.

ఇక్కడ నేను అనుకోని గండం వచ్చిపడింది. అద్దం ముందు పదిసార్లు చెప్పుకున్న అంకె గొంతు దాటి రావడం లేదు. ఇంతమంది ముందు ధరను నోటితో చెప్పడమా! అమ్మాయిలు వింటున్నారు, మేనేజరు వింటున్నాడు, తలుపు తెరిచే ఉంది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. నా ప్రమేయం లేకుండానే కుడిచెయ్యి చున్నీ కిందికి పోయి, ఎదురుగా వచ్చే చేతి కోసం కాచుకుని కూర్చుంది. డాక్టరు కాసేపు ఆ చున్నీ వంక చూసి, "ఏమైందమ్మా, చెయ్యి నొస్తుందా?" అన్నాడు.

అప్పుడు నాకు బాపు మొద్దుబారిన వేళ్ళు కళ్ళముందు ఆడాయి. చెయ్యి బయటికి తీసి బల్ల మీద పెట్టాను. "ఇరవై రెండు వేలు సార్," అన్నాను. భయంలో గొంతు పెద్దదైనట్టుంది, వరండాలో పోతున్న నర్సు ఆగి లోపలికి చూసింది.

"ఎక్కువ. పద్దెనిమిది."

నేను కాదనలేదు, ఔననలేదు. బేరంలో ముందుగా లేచినవాడిదే నష్టమని బాపు చెప్పేవాడు. అందుకని లేవకుండా కూర్చున్నాను. డాక్టరు పెన్ను ఆడించాడు. మేనేజరు దగ్గాడు.  చివరికి డాక్టరే నవ్వి, "మొండిదానివే. పోయిరా, ఫోన్ చేస్తరు," అన్నాడు.

రెండు రోజులు ఫోను రాలేదు. నోటి దురదతో చేతికొచ్చిన పనిని చెడగొట్టుకున్నానని నన్ను నేను తిట్టుకున్నాను. పద్దెనిమిదికి ఒప్పుకుంటే ఏం పోయేది? కానీ పద్దెనిమిదికి అంగడి బంద్ కాదు. మూడో రోజు, బుధవారం పొద్దున, ఫోను వచ్చింది. ఇరవై ఒక్క వేలు, ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. ఆపా నన్ను కావలించుకుని, "మాషా అల్లా" అని గ్లౌజులతోనే బుగ్గలు పుణికింది. నేను రెండు రోజులు సెలవు పెట్టి బస్సెక్కాను.

పొద్దు వాలకముందే ఇంట్లో ఉన్నాను. అమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. బాపు మంచం మీద జరిగి నాకు జాగా ఇచ్చాడు. నా ముఖం చూసే గ్రహించాడు. ముందు ఒకటే మాట అన్నాడు. "పాతది చెప్పినవా?"

"చెప్పలే."

"శాబాష్." భుజం మీది తువ్వాల తీసి చెయ్యి చాపాడు. నేను ఆ చెయ్యి అందుకున్నాను, ఆయన తువ్వాల కప్పాడు. మూడేళ్ళు ఎదురుచూసిన క్షణం. "ఇవి పెద్దయి" అని రెండు వేళ్ళు గట్టిగా పట్టుకున్నాను. "ఇది చిన్నది" అని ఒకటి పట్టుకున్నాను. ఆయన వేళ్ళు వెచ్చగా, కదలకుండా నా చేతిలో ఉన్నాయి. గోడ వంక చూస్తూ లెక్క వేస్తున్నట్టు తలూపాడు. నాకు కళ్ళు నిండాయి.

"మంచిగైంది బిడ్డా," అన్నాడు. "పన్నెండు."

"పన్నెండేంది బాపూ! మల్ల చూడు." మళ్ళీ రెండు పట్టాను, మళ్ళీ ఒకటి పట్టాను.

"గదే. పెద్దది ఒకటి, చిన్నయి రెండు. పన్నెండు." ముఖంలో ఒక్క గీత కదలలేదు. "నా వేళ్ళు మొద్దుబారినయి కద. నాకు గట్లనే తెలుస్తున్నది."

అమ్మ చాట పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. తువ్వాల విసిరేసి, "ఇరవై ఒకటి! ఇరవై ఒక్క వెయ్యి! ఇన్నవా?" అని అరిచాను. పక్కింటివాళ్ళు కూడా విని ఉంటారు.

బాపు వంగి తువ్వాల అందుకుని, దులిపి, మడతపెట్టి భుజం మీద వేసుకున్నాడు. "నోటితోని చెప్పిన ధర అంగడిల చెల్లదు బిడ్డా," అన్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. మూడేళ్ళుగా నా జీతం పెరగాలని నేను దేవుళ్ళకు మొక్కుతుంటే, ఈ మనిషి పెరగొద్దని మొక్కి ఉంటాడు! కోపం ఎంతసేపు ఆపుకుందామన్నా ఆగలేదు, నవ్వొచ్చేసింది. మంచం మీద పడి నవ్వాను. బాపు మాత్రం నవ్వలేదు. "పొద్దున బస్సు ఎన్నిటికే?" అని అమ్మను అడిగాడు.

తెల్లవారి గురువారం. బస్సు వద్దని చెప్పి, పక్కింటి స్కూటీ అడుక్కుని నేనే ఆయన్ను అంగడికి దింపాను. బిగుసుకున్న నడుంతో ఆయన దిగడానికే కాసేపు పట్టింది. ఇంతలో ఇద్దరు రైతులు ఎదురొచ్చి, "కాకా, గీ కోడె పండ్లు జర చూసి చెప్పు, వీని మాట నేను నమ్మను," అని ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఎండలో ఒంటరిగా నిలబడి ఉంటాడని నేను ఇన్నాళ్ళు కుమిలిపోయింది ఈ మనిషి గురించే. వాళ్ళలో ఒకడు నన్ను చూసి, "నీ బిడ్డ దవాఖాన్ల చేస్తదట కద, ఎంత జీతమే?" అని అడిగాడు.

బాపు నా వైపు ఒకసారి చూశాడు. తువ్వాలను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"ఏదో వస్తది తియ్యి," అన్నాడు.